పేరు రాయని డిస్కు

కోర్టు వెనక వీధి, మూడో అంతస్తు
జూలై 3

వదినా,

సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ ఉదయం ఏడున్నర తర్వాత నాకు ఏమీ వినపడదు.

ముఖ్యమైన సంగతి ముందు చెప్పేసి వివరాలు తర్వాత రాయడం ఉద్యోగం నేర్పిన అలవాటు, ఏమీ అనుకోకు. వివరాలు ఇవి. ఎడమ చెవి చిన్నప్పుడు జ్వరంలో పోయిందని నీకు తెలుసు. ఇప్పుడు కుడి చెవి నరం మీద గడ్డ పెరుగుతోంది. తీసేస్తే ప్రాణానికి భయం లేదు. కానీ దాంతోపాటు నరమూ పోతుంది. తీయకపోతే గడ్డ మెదడు మీదికి వస్తుంది. ఇద్దరు డాక్టర్లను అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. రెండో ఆయన కాస్త మర్యాదగా చెప్పాడు.

అన్నయ్యకి ఫోన్లో చెబుదామని చూశాను. ఫోన్లో మాటలు నాకిప్పుడు తడిసిన కాగితం మీద అక్షరాల్లా ఒకదాన్లోకి ఒకటి పాకుతున్నాయి. తను "ఏమైందే?" అంటాడు, నేను "ఏమిటీ?" అంటాను. ఇలా కాసేపు ఒకరినొకరు విచారించుకుని పెట్టేశాం. అందుకే ఈ ఉత్తరం. తనకి నువ్వే చెప్పు. నిచ్చెన మీద ఉన్నప్పుడు మాత్రం చెప్పకు. కరెంటు పని చేసేవాడికి ఇలాంటి కబురు నేల మీదే చెప్పాలి.

ఇక అసలు పని. ఆస్పత్రిలో నా వంతు కోసం కూర్చుంటే గోడ మీది స్పీకర్లోంచి పియానో వస్తోంది. ఈమధ్య నాకు వయొలిన్ తలుపు కీచుమన్నట్టు ఉంటోంది. పాడేవాళ్ళందరూ దుప్పటి కప్పుకుని పాడుతున్నారు. పియానో మాత్రం పియానోలాగే ఉంది. ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలుస్తోంది. నర్సు నన్ను ఎన్నిసార్లు పిలిచిందో నేను చూసుకోలేదు. చివరికి వచ్చి భుజం తట్టింది. అది ఎవరు వాయించారని రిసెప్షన్లో అడిగితే, "ఏమోనండీ, ఆ డబ్బాలోంచి ఎప్పుడూ అదే వస్తుంది" అంది అక్కడి అమ్మాయి.

నేను సంగీతం విన్నదాన్ని కాను. ముప్పై ఏళ్ళుగా మనుషులు చెప్పింది విన్నాను. అది కూడా కోర్టులో, వాళ్ళు ప్రమాణం చేశాక, పేపరు కోసం. ఇంకా పదకొండు వారాలుంది. ఏం వినమంటావో చెప్పు. గొప్పవని పేరున్నవి వద్దు. పియానోలో నీకు ఇష్టమైన రికార్డింగులు కావాలి.

ఒక షరతు. చెవుడు వచ్చాక కూడా సంగీతం రాశాడే, ఆ మహానుభావుడి కథ నాకు చెప్పకు. ఆఫీసులో ఇప్పటికే ముగ్గురు చెప్పారు. ఒకతను కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. నేనే ఓదార్చి పంపించాల్సి వచ్చింది.

నీ ఆడపడుచు


డాన్స్ స్కూలు, పియానో మూల
జూలై 9

అమ్మాయ్,

మీ అన్నయ్యకి నేల మీదే చెప్పాను. అయినా కూలబడ్డాడు. కాసేపటికి లేచి వంటింట్లో బాగానే ఉన్న స్విచ్చుబోర్డు ఒకటి విప్పి మళ్ళీ బిగించాడు. తర్వాత హాల్లోది. మాట్లాడలేనప్పుడు ఆయన చేసే పని అదే. ఇంట్లో స్విచ్చులు అయిపోయాక నీ దగ్గరికి వస్తాడు. నీ ఇంటి స్విచ్చులు సిద్ధంగా ఉంచుకో.

నా సంగతి అడగకు. నేను ఏడిస్తే నీకు అది వార్తా?

డిస్కులు పంపుతున్నాను. నా దగ్గర ఎవరి పేరూ అట్ట మీద అచ్చయినట్టు ఉండదు. నేను పెట్టుకున్న పేర్లే ఉంటాయి. వాటినే రాశాను.

'ముసలాయన.' ఎనభై దాటాక వాయించాడు. ఇదే ముక్కని కుర్రాళ్ళు ఎంతోమంది ఒక్క తప్పు లేకుండా వాయించారు. ఈయన రెండుచోట్ల తప్పు కొడతాడు. కొట్టాక కంగారు పడడు. దారిలో రాయి తగిలితే పక్కకి జరిపి నడిచినట్టు వెళ్ళిపోతాడు. ఆ నడక కోసం పంపుతున్నాను.

'చన్నీళ్ళావిడ.' స్వరాలని సాగదీసే పెడల్ తొక్కదు, తొక్కినా తొక్కినట్టు తెలియనివ్వదు. స్వరానికీ స్వరానికీ మధ్య గాలి ఆడుతుంది. నీ చెవికి ఈవిడతో పేచీ రాదని నా నమ్మకం.

'దగ్గుల రికార్డు.' చలికాలం కచేరీలో తీసింది. హాల్లో సగంమందికి జలుబు. అయితే రెండో భాగం మొదలయ్యాక చూడు, ఒక్కరూ దగ్గరు. అంతమంది గొంతుల్ని ఒక్క మనిషి చేతులతో ఎలా పట్టుకున్నాడో విను.

పై స్వరాలు ముందు పోతాయని మీ డాక్టరు చెప్పే ఉంటాడు. అందుకని పియానో నడుం దగ్గరే, మధ్య స్వరాల్లోనే తిరిగే ముక్కలు ఏరాను. చెవుల్లో పెట్టుకునే వైర్లు వద్దు. స్పీకరు నీ కుడివైపు, చేతికందేంత దూరంలో పెట్టుకో. వింటూ పేపరు చదవకు. రోజుకు ఒకటే. నమిలి మింగు.

ఇవేవీ వినకుండా విన్నానని రాశావో, వచ్చి వాయిస్తాను. పియానో కాదు.

వదిన


కోర్టు వెనక వీధి
జూలై 21

వదినా,

డిస్కులు అందాయి. మూడూ విన్నాను, కొన్ని రెండుసార్లు. నివేదిక ఇది.

'దగ్గుల రికార్డు'లో మొదటి భాగంలో పద్నాలుగు దగ్గులు, ఒక తుమ్ము. తుమ్మినది ఆడమనిషి, వెనక వరసలో ఎక్కడో. రెండో భాగంలో నువ్వన్నట్టే ఒక్కటీ లేదు. అయితే భాగం అయిపోగానే జనమంతా ఒకేసారి కుర్చీల్లో కదిలారు. అప్పటిదాకా కదలడం మానేశారన్నమాట. 'చన్నీళ్ళావిడ' కూర్చున్న స్టూలు కిర్రుమంటుంది. గట్టిగా వాయించే ముందు కాదు, మెల్లగా వాయించే ముందు. 'ముసలాయన' తప్పులు ఎక్కడో నాకు తెలియలేదు. ఊపిరి మాత్రం వినపడింది. ముక్కుతో పీల్చి నోటితో వదులుతాడు.

సంగీతం గురించి ఏమీ రాయలేదని అంటావు. నాకు తెలియనిది నేను రాయను.

ఆఫీసు సంగతి. పోయిన వారం కోర్టులో జడ్జిగారు ఒకతన్ని నిర్దోషి అన్నారు. నేను దోషి అని రాసుకున్నాను. ముందున్న 'నిర్' నా దాకా రాలేదు. బయటికి వచ్చాక కాపీయిస్టు, "ఏంటి మేడమ్, వాళ్ళమ్మ అంత ఆనందంగా ఏడుస్తుంటే మీరు అలా జాలిగా చూస్తున్నారు?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. అచ్చులోకి పోలేదు. పోయి ఉంటే, విడుదలైన మనిషికి మర్నాడు పొద్దున వీధిలో మళ్ళీ శిక్ష పడేది. మర్నాడే వెళ్ళి నన్ను డెస్కుకి మార్చమని ఎడిటర్‌ని నేనే అడిగాను. ఆయన వద్దనలేదు. వద్దంటాడని అనుకున్నాను.

ఇప్పుడు ఇతరులు విన్నది నేను దిద్దుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి 'ముసలాయన'ను పెట్టుకుంటున్నాను. ఎందుకో ఆయన్నే.

ఇంకా పంపు.

ఆడపడుచు


డాన్స్ స్కూలు, పియానో మూల
జూలై 30

రిపోర్టరమ్మకు,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. మొగుడు స్విచ్చులు లెక్కపెడుతున్నాడు, నువ్వు తుమ్ములు లెక్కపెడుతున్నావు. ఏ జన్మ పాపమో.

అమ్మాయ్, నువ్వు పియానో వినలేదు, పియానో ఉన్న గది విన్నావు. కోపంగా ఇంతే రాసి కవరు అంటించబోయి ఆగాను. 'చన్నీళ్ళావిడ' స్టూలు సంగతి నాకు తెలియదు. ఆ డిస్కు ఎన్నేళ్ళుగా నా దగ్గరుందో! పెట్టి విన్నాను. నిజమే. మెల్లగా వాయించడానికే ఆవిడ ఒళ్ళంతా కూడదీసుకుంటోంది. అలా వాయించాలంటే బలం కావాలని నేను పిల్లలకి చెబుతూనే ఉన్నాను, ఎవరూ నమ్మరు. ఇక ముందు నిన్ను సాక్ష్యానికి పిలుస్తాను.

'దోషి' సంగతి మీ అన్నయ్యకి చెప్పలేదు. ఇంట్లో స్విచ్చులు మిగల్లేదు.

ఇక్కడ ఎప్పటిలాగే. టీచరమ్మ చప్పట్లు కొడితే నేను మొదలుపెట్టాలి, మళ్ళీ కొడితే ఆపాలి. పిల్ల మడమ వంకరగా పెట్టిందనుకో, చప్పట్లు. "మళ్ళీ ఫస్టునుంచి!" ఇరవై రెండేళ్ళుగా నేను సంగీతం వాయించడం లేదు, మడమలకి మేళం వాయిస్తున్నాను. అయినా పని మంచిదే. పిల్లలు మంచివాళ్ళు. ఒకత్తి నిన్న, "ఆంటీ, మీరు పియానో కూడా వాయిస్తారా?" అంది. ఏమే, ఇంతసేపూ నేను చేసిందేమిటే అంటే, "ఇది లెక్క కదా" అంది.

ఈసారి రెండే పంపుతున్నాను. ఒకటి 'కోపిష్ఠి.' తలుపులు విసిరికొట్టే మనిషిలా వాయిస్తాడు, కానీ ఎంత కోపంలోనూ లోపలి గొంతుని తొక్కడు. ఎడమచేతి బొటనవేలు ఏం చెబుతోందో పట్టుకో.

రెండోదాని మీద పేరు లేదు. కావాలనే రాయలేదు. పేరు తెలిస్తే నువ్వు గౌరవంతో వింటావు. ఎవరో అనుకుని విను. ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి. మొహమాటం వద్దు. నీకు మొహమాటం ఎప్పుడుందిలే.

వదిన


కోర్టు వెనక వీధి
ఆగస్టు 12

వదినా,

'కోపిష్ఠి' నాకు నచ్చలేదు. బొటనవేలు దొరికింది. పాపం, ఆ ఇంట్లో భార్యలా ఉంది.

పేరు లేని డిస్కు గురించి.

ఒకటి. ఇది 'ముసలాయన' వాయించిన ముక్కే. పక్కపక్కన పెట్టి విన్నాను.

రెండు. వాయించినవారు కొంతకొంతసేపటికి ఒకసారి ఆగుతారు. ఆగుతారనడం ఎక్కువే. ఎవరో పిలుస్తారేమోనని తల తిప్పి, పిలవకపోతే మళ్ళీ పనిలో పడ్డట్టు ఉంటుంది. వేళ్ళతో లెక్కపెట్టాను. ప్రతిసారీ ఎనిమిది దగ్గరే.

మూడు. చివర లేదు. 'ముసలాయన' దాంట్లో దీని తర్వాత ఇంకా కొంచెం ఉంది. ఇందులో అక్కడ చెక్క మీద చెక్క పడ్డ చప్పుడు వస్తుంది, మూత వేసినట్టు. ఆ మిగిలింది లేకపోతే ఏమవుతుందో నాకు చెప్పడం రాదు. తీర్పు చదువుతూ చదువుతూ జడ్జి లేచి భోజనానికి వెళ్ళినట్టుంది.

నాలుగు. నువ్వు పంపిన వాటన్నిటిలో నేను ఎక్కువసార్లు పెట్టుకున్నది ఇదే. మిగతావాళ్ళు వాయిస్తున్నారు. ఈ మనిషి వాయిస్తూ వింటోంది. అవతలివాళ్ళకి ఏం కావాలో కనిపెట్టుకుని ఉన్న మనిషి చప్పుడు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు నేను చేసిన పని అదే.

'వింటోంది' అని రాశాను. ఆడమనిషని నాకెలా తెలుసని అడుగుతావు. ఒక అనుమానం ఉంది. కానీ ఇంకోచోట రూఢి కాకుండా నేను దేన్నీ రాయను. అందుకని అన్నయ్యకి ఫోన్లో మెసేజి పెట్టాను, 'పేరు రాయని డిస్కు ఎవరిది?' అని. జవాబు చూడు: 'నన్నడగకు. నాకేమీ తెలియదు. చెప్పొద్దని ఒట్టేయించుకుంది. రికార్డింగు బాగా వచ్చిందా?'

ముప్పై ఏళ్ళలో ఇంత మంచి సాక్షి నాకు దొరకలేదు.

వదినా, చివర ఏమైంది?

ఆడపడుచు


ఇంటి నుంచి
ఆగస్టు 18

అమ్మాయ్,

మీ అన్నయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకి అది శిక్ష అని తెలియడానికి రెండు రోజులు పట్టింది.

చివర వాయించాననే నేను అనుకున్నాను. ఒట్టు. నీ ఉత్తరం చదివి, ఈ రిపోర్టరుకి గడ్డ చెవిలో ఉందా బుర్రలో ఉందా అనుకున్నాను. ఇలాంటి మాట రాయకూడదు. కానీ రాశాక కొట్టేయడం లేదు. అంత కోపం వచ్చింది. తర్వాత డిస్కు పెట్టాను.

లేదు. ఆఖరి లైను లేదు. మూత వేశాను.

ఆ ముక్క మేము క్లాసు చివర వాడతాం, పిల్లలు ఒళ్ళు సాగదీసుకునేటప్పుడు. ఆఖరి లైను దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మ చప్పట్లు కొడుతుంది, పిల్లలు చెప్పులకోసం పరిగెత్తుతారు, నేను మూత వేస్తాను. ఇన్నేళ్ళుగా అంతే. చేతికి ఆ ముక్క అక్కడే అయిపోయింది. ఇంకా ఉందని నాకు తెలుసు, చేతికి తెలియదు. ఎనిమిది దగ్గర ఆగడం కూడా అదే. చప్పట్లు పడతాయేమోనని. ఆదివారం ఖాళీ హాల్లో, మీ అన్నయ్య ఒక్కడూ మైకు పట్టుకుని నిలబడితే, నేను ఎవరి చప్పట్లకి భయపడ్డాను చెప్పు?

ఎందుకు పంపానో కూడా చెప్తాను. పద్దెనిమిదో తేదీ తర్వాత నీ చెవిలో మిగిలిపోయేవాటిలో నాదొకటి ఉండాలనిపించింది. 'ముసలాయన' పక్కన నేను కూర్చోదగినదాన్ని కాను. పేరు రాస్తే వదిన వాయించిందని మెచ్చుకుంటావు. రాయకపోతే నిజం చెబుతావు. చెప్పావు.

ఆ డిస్కు తీసి పక్కన పెట్టెయ్. 'ముసలాయన'ది విను. ఆయన దాంట్లో చివర ఉంది, చాలా బాగుంది. కావాలంటే ఇదే ముక్క ఇంకో ఇద్దరు వాయించింది పంపుతాను, ఒకరిని మించినవాళ్ళు ఒకరు.

వదిన


కోర్టు వెనక వీధి
ఆగస్టు 24

వదినా,

ఆపరేషన్ ముందుకి జరిపారు. సెప్టెంబరు నాలుగు, సోమవారం, ఉదయం ఏడున్నర.

మొన్న పొద్దున లేచేసరికి వీధి లేదు. కిటికీ తీసే ఉంది, బస్సులు పోతున్నాయి, చప్పుడు లేదు. మధ్యాహ్నానికి కొంత తిరిగి వచ్చింది. గడ్డ ఉబ్బిందని, ఇక ఆగడం మంచిది కాదని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. నేను వినగలను, చెప్పండి అన్నాను. చెప్పాడు. సగం అందింది. కాగితమే అడిగి తీసుకున్నాను.

పియానోలో కూడా ఇప్పుడు పై సగం లేదు. 'చన్నీళ్ళావిడ' నీళ్ళు ఆగిపోయాయి. 'ముసలాయన' ఉన్నాడు, దూరంగా. పేరు లేని డిస్కు ఇంకా బాగానే వినిపిస్తోంది. హాల్లో గట్టిగా వాయించినట్టున్నావు, లేదా అన్నయ్య మైకు మరీ దగ్గరగా పట్టుకున్నాడు.

ఈ ఉత్తరం సూటిగా రాస్తాను. నాకు భయంగా ఉంది. చెవుడు గురించి కాదు, దానికి పద్ధతులున్నాయి, నేర్చుకుంటాను. ఆ ముక్క చివర ఎలా ఉంటుందో నీ చేతిలో వినకుండా వెళ్ళిపోతానేమోనని. 'ముసలాయన' ముగింపు నాకు తెలుసు. అది ఆయనది. నువ్వు ఎక్కడ ఆగి తల తిప్పుతావో నాకిప్పుడు కంఠతా వచ్చు. ఆ మనిషి చివర ఏం చేస్తుందో నాకు తెలియాలి.

ఇంకో డిస్కు పంపకు. దానికి టైము లేదు. పైగా డిస్కు అయితే తప్పు పోయినప్పుడల్లా 'మళ్ళీ ఫస్టునుంచి' అనొచ్చు. నేను వస్తాను. నువ్వు వాయించు.

కుదరదంటే కుదరదని రాయి. నిజం చెప్పడం నాకొక్కదానికే వచ్చనుకోకు.

ఆడపడుచు


డాన్స్ స్కూలు, పియానో మూల
ఆగస్టు 28

అమ్మాయ్,

నిన్న కుదరదనే రాద్దామని కూర్చున్నాను. రాసేముందు ఒకసారి వాయించి చూద్దామనిపించింది. ఆఖరి లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వాయించాను. మళ్ళీ ఆగింది. మూడోసారి మధ్యలో టీచరమ్మ తలుపు తీసి నిలబడింది. నేను ఆగగానే,

"ఆగావేంటి? నేను కొట్టలేదే!" అంది.

"కొడతారేమోనని."

"ఎవరూ లేని క్లాసులో ఎందుక్కొడతానే? సరే, అయిపోయిందిగా, కాఫీ తాగుదాం పద."

"అయిపోలేదు. ఇంకో లైను ఉంది."

ఆవిడ పుస్తకం దగ్గరికొచ్చి వంగి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. "ఇన్నేళ్ళూ ఇది ఇక్కడుందా?" అంది. "ఉందండీ." "నాకు చెప్పవేం?" "మీరు అడగలేదు." "అడక్కపోతే చెప్పవా? మొగుడు అడిగితేనే చేసుకున్నావా?" అని, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని కుర్చీలో కూర్చుంది. "ఇప్పుడు వాయించు. ఇవి బయటికి రావు."

నీ సంగతి చెప్పాను. చెప్పినందుకు తిట్టుకో. ఆవిడ వెంటనే శనివారం సాయంత్రం క్లాసుని ఆదివారానికి మార్చేసింది. ఆవిడ ఒక క్లాసు మార్చడం నేను వచ్చాక ఇదే మొదటిసారి.

అలా చేతులు కట్టుకుని కూర్చున్న ఆవిడ ముందు ఆఖరి లైను వాయించాను. తప్పులు పడ్డాయి. మధ్యలో ఒకచోట ఆగాను కూడా. కానీ చివరిదాకా వెళ్ళాను. తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. శనివారం కూడా చివరిదాకా వెళ్తానని మాట ఇవ్వలేను. నువ్వు నా ఎడమవైపు కూర్చుంటే నీ కుడి చెవి పియానో వైపే ఉంటుంది, ఆ ఎనిమిది దగ్గర నేను తల తిప్పినప్పుడు నువ్వు కనిపిస్తావు. అందుకని కుర్చీ అక్కడే వేయించాను.

అన్నిటికీ వేళలు రాస్తున్నాను. నీకు అలా అయితేనే నమ్మకం.

శుక్రవారం పొద్దున పియానోని శ్రుతి చేసే ఆయన వస్తాడు. పై స్వరాలని అంత పట్టించుకోనక్కరలేదు, నడుం సరిచెయ్యమని చెప్పాను. ఆయన వింతగా చూశాడు.

శనివారం మధ్యాహ్నం రెండింటి బండికి మీ అన్నయ్య స్టేషన్లో ఉంటాడు. నీ కుడివైపు నడవమని, అరవొద్దని, ఎదురుగా మొహం పెట్టి మాట్లాడమని చెప్పాను. సాధన చేస్తున్నాడు. అద్దంలో.

శనివారం నాలుగింటికి హాలు. నువ్వు, నేను, మీ అన్నయ్య. టీచరమ్మ బయట మెట్ల మీద కూర్చుంటానంది, చేతులమీద తనకి నమ్మకం లేదట.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆస్పత్రిలో చేరాలి. ముగ్గురం వెళ్తాం. సోమవారం ఏడున్నర. ఆస్పత్రి నుంచి నువ్వు మా ఇంటికే వస్తావు.

అక్టోబరు మొదటి గురువారం పదింటికి, మా వీధి చివర లైబ్రరీ మేడ మీద, పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పే క్లాసు మొదలవుతుంది. అక్కడి అమ్మాయి, "ఎవరికండీ వినపడనిది?" అంది. ఒకరికి అన్నాను. "మరి రెండు పేర్లు ఎందుకు?" అంది. ఇంకొకరు సరిగ్గా పలకడం నేర్చుకోవాలి అన్నాను. ఇద్దరి పేర్లూ రాయించాను.

వదిన